కార్డు మడత దగ్గర పగులుతోంది: లోపం పేపర్‌దా, కోసే తీరుదా?

సిరి_కార్డ్స్ (కాకినాడ)

నమస్తే అండీ. ఇంట్లో చేత్తో గ్రీటింగ్ కార్డులు, చిన్న చిన్న ఫంక్షన్లకి ఆహ్వానాలు చేసి అమ్ముతుంటాను. ఈమధ్య పేపర్‌తో ప్రాణం విసిగిపోతోంది, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

కార్డు బేస్‌కి ఏ4 సైజు మెరూన్ షీట్లు కొన్నాను. ప్యాకెట్ మీద పేపర్ బరువు 250 జి.ఎస్.ఎం. అని ఉంది. ఒక షీటుకి రెండు ఏ6 కార్డులు వస్తాయి. పుస్తకంలా పక్కకి తెరుచుకునే మోడల్ శుభ్రంగా వచ్చింది. పైకి తెరుచుకునే మోడల్, అదే టేబుల్ మీద నిలబెట్టుకునేది, మడత పొడుగునా పగిలి లోపలి తెలుపు బయటపడుతోంది. సైజు అదే, ప్యాకెట్ అదే, మడిచే చెయ్యీ అదే. షాపులో అడిగితే "పేపర్ ఫస్ట్ క్వాలిటీ మేడమ్, మీరే గట్టిగా నొక్కుతున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఇంకో గొడవ. పైన డిజైన్ పేపర్ అంటించి పడుకుంటే పొద్దున్నకి కార్డు వంగిపోయి ఉంటోంది. ఇది చాలదన్నట్టు వచ్చే నెలలో సీమంతం ఆర్డరు, హ్యాండ్‌మేడ్ పేపర్ మీదే కావాలంటున్నారు. శాంపిల్ షీటు మీద జెల్ పెన్‌తో పేరు రాస్తే ఇంకు పీల్చేసుకుని అక్షరాలకి మీసాలు మొలిచాయి. అసలు మంచి పేపర్ అంటే షాపులో ఏం చూసి కొనాలి?

ఉష_క్విల్లింగ్ (విజయవాడ)

సిరి గారూ, తెలుపు బయటపడుతోందంటే అది పైపై రంగు పేపర్. ఒక మూల చించి అంచు చూడండి. చీలిక తెల్లగా ఉంటే రంగు పైన మాత్రమే ఉన్నట్టు, లోపలంతా మామూలు తెల్ల గుజ్జు. గుజ్జులోనే రంగు కలిపి తీసిన పేపర్ కాస్త పగిలినా కంటికి ఆనదు. మెరూన్, నేవీ బ్లూ, నలుపు ఈ మూడూ చించి చూడకుండా నేను కొనను, షాపువాళ్ళు మొహం మాడ్చుకున్నా సరే.

కానీ పక్కకి తెరుచుకునేవి ఎందుకు పగల్లేదో మాత్రం నాకూ అర్థం కాలేదు.

బైండర్_బాబాయ్ (రాజమహేంద్రవరం)

అమ్మా సిరీ, ఒక్కటి చెప్పు. పైకి తెరుచుకునేవాటికి ఏ4 షీటుని ఎటు కోశావు? పొడుగ్గా రెండు పట్టీలు తీసి మధ్యలో మడిచావా?

సిరి_కార్డ్స్

అవును బాబాయ్ గారూ. 105 బై 297 మిల్లీమీటర్ల పట్టీలు, మధ్యలో మడత. పక్కకి తెరిచేవాటికి మాత్రం షీటుని అడ్డంగా సగం చేసి, ఆ 148 బై 210 ముక్కని మడిచాను. చివరికి రెండూ ఒకటే సైజు కదా అనుకున్నాను.

బైండర్_బాబాయ్

సైజు ఒకటే తల్లీ, గ్రెయిన్ ఒకటి కాదు.

మాది పేపర్ మిల్లు ఉన్న ఊరు కాబట్టి చిన్నప్పటినుంచీ వింటున్న సంగతే చెప్తున్నా. మిల్లులో నీళ్ళ గుజ్జుని పరుగెత్తే జల్లెడ మీద పోస్తారు. జల్లెడ ఎటు పరుగెడితే గుజ్జులోని నారలు చాలావరకు అటే సర్దుకుని పడుకుంటాయి. అదే గ్రెయిన్. తుంగచాపని పుల్లల వెంట మడిస్తే ఎంత తేలిగ్గా మడత పడుతుంది, పుల్లలకి అడ్డంగా విరిస్తే ఏమవుతుంది? పేపరూ అంతే. నారల వెంట మడత అయితే రెండు నారల మధ్య సందులో పడుతుంది. అడ్డంగా మడిస్తే ప్రతి నారనీ విరవాల్సిందే, అప్పుడు పైన ఉన్న రంగు పొర చిట్లుతుంది.

బజారులో దొరికే ఏ4 షీట్లలో ఎక్కువ భాగం గ్రెయిన్ పొడుగు వైపు, అంటే 297 వైపు ఉంటుంది. ఇప్పుడు నీ లెక్క చూడు. షీటుని అడ్డంగా సగం చేసినప్పుడు గ్రెయిన్ 148 వైపు నడుస్తుంది, నీ మడతగీత కూడా 148 పొడుగే, రెండూ ఒకే దారి. అందుకే పుస్తకం మోడల్ బాగుంది. పట్టీలుగా కోస్తే గ్రెయిన్ 297 పొడుగునా ఉంటుంది, మడతేమో దానికి అడ్డంగా 105. పగలక ఏం చేస్తుంది?

మొత్తం ఏ4 షీటుని సగానికి మడిచి ఏ5 కార్డు చేసేవాళ్ళందరూ ఇలాగే అడ్డమడత వేస్తున్నారు. పేపర్‌ని తిట్టుకుంటారు గానీ షీటు తిప్పి చూడరు.

ఉష_క్విల్లింగ్

బాబాయ్, అయితే నిలబెట్టే మోడల్ ఇక చేసుకోకూడదా? కస్టమర్లు అదే అడుగుతున్నారే.

బైండర్_బాబాయ్

ఎందుకు చేసుకోకూడదు? ఏ3 కొనుక్కో. ఏ3లో కూడా గ్రెయిన్ మామూలుగా పొడుగు వైపే, అంటే 420 వైపు. దాన్ని సగానికి కోస్తే వచ్చే ఏ4లో గ్రెయిన్ పొట్టి వైపు, 210 వైపు పడుతుంది. ఆ ఏ4ని పట్టీలుగా కోసి మడువు, మడత గ్రెయిన్ వెంటే వస్తుంది.

"మామూలుగా" అన్నానని గుర్తుపెట్టుకో, ప్రతి కొత్త ప్యాకెట్‌కీ ఒక షీటు పరీక్షించాలి. మడత పడకుండా షీటుని సగానికి వంచి అరచేత్తో మెల్లగా నొక్కు, తర్వాత ఇంకో వైపు వంచి నొక్కు. ఎటు వంచితే తక్కువ ఎదురు తిరుగుతుందో, ఆ వంపు గీత వెంట గ్రెయిన్ ఉన్నట్టు. తెలియకపోతే చిన్న చదరం ముక్క కోసి ఒకవైపు మాత్రం నీళ్ళు రాయి, గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడుగు ఎటు ఉంటే గ్రెయిన్ అటు. ముక్క కొయ్యకముందే అసలు షీటు ఎటు ఉందో పెన్సిల్‌తో బాణం గీసుకో, లేకపోతే ముక్క చేతిలో పట్టుకుని మళ్ళీ మొదటికొస్తావు.

కోటి_ప్రెస్ (హైదరాబాద్)

అన్నా, గ్రెయిన్ మాట కరెక్టే గానీ మరీ దాన్నే పట్టుకుని వేలాడొద్దు. మా దగ్గర శుభలేఖల సీజన్‌లో గ్రెయిన్ చూసుకుంటూ కూర్చుంటే షీటులో సగం వేస్టేజి పోతుంది. అడ్డగ్రెయిన్ అయినా మంచి క్రీజింగ్ పడితే మడత నిలబడుతుంది. ఇళ్ళల్లో చేసేవాళ్ళు చేసే పని ఏంటంటే స్కేలు పెట్టి కట్టర్‌తో మెల్లగా గీసి మడుస్తారు. అది క్రీజు కాదు, కోత. సగం మందం అక్కడే తెగిపోయింది, ఇంక పగలదా?

క్రీజు అంటే నొక్కడం. బోన్ ఫోల్డర్ (మడత నొక్కే మొద్దు అంచు పుల్ల), రీఫిల్ అయిపోయిన బాల్ పెన్, సన్న క్రోషా సూది, ఏదైనా పర్లేదు. కింద మెత్తటి మ్యాట్ ఉండాలి. గాడి పడిన వైపు కార్డుకి బయటి ముఖం కావాలి, వెనక లేచిన గట్టు లోపలికి పోవాలి. చూసేవాళ్ళకి తిరగేసినట్టు అనిపిస్తుంది, చాలామంది గాడిలోకి మడిచేస్తారు. గట్టు లోపల ఉంటేనే బయటి పొర మీద లాగుడు తగ్గుతుంది.

ఇంకోటి. నున్నగా మెరిసే ఆర్ట్ కార్డ్ అయితే దాని మీద సుద్దమన్నులాంటి కోటింగ్ ఉంటుంది, అడ్డగ్రెయిన్ మీద అది చిట్లే తీరుతుంది. దానికి ముదురు రంగు సాలిడ్‌గా ప్రింట్ చేస్తే అయిపోయినట్టే. మేము అలాంటివాటికి ముందు లామినేషన్ చేసి తర్వాత క్రీజు వేస్తాం.

బైండర్_బాబాయ్

తమ్ముడూ, నీ దగ్గర క్రీజింగ్ మిషన్ ఉంది. సిరి దగ్గర రీఫిల్ అయిపోయిన పెన్ను ఉంది. ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు. మిషన్ లేనివాళ్ళకి గ్రెయిన్ ఒక్కటే దిక్కు. పైగా మడత ఒక్కటే కాదు, అడ్డగ్రెయిన్ కార్డు మూసినా నోరు తెరుచుకునే ఉంటుంది, కవర్లోంచి తీయగానే విచ్చుకుంటుంది.

కోటి_ప్రెస్

అది ఒప్పుకుంటా. నోరు తెరవడం మాకూ ఉంది, బండిల్ కట్టి బరువు పెట్టి పంపిస్తాం. కస్టమర్ ఇంటికెళ్ళాక తెరుచుకుంటే మన కంట పడదు కదా 😀

లెక్కల_మాస్టారు (గుంటూరు)

జి.ఎస్.ఎం. గురించి ఎవరూ మాట్లాడలేదు. ప్యాకెట్ మీద 250 అని ఉంటే 250 అని నమ్మేయడమేనా? ఇంట్లో తూచుకోవచ్చు. జి.ఎస్.ఎం. అంటే చదరపు మీటరు పేపర్ ఎన్ని గ్రాములు అని. ఏ0 షీటు ఒక చదరపు మీటరు, ఏ4 దానిలో పదహారో వంతు. కాబట్టి ఒక ఏ4 షీటు బరువుని 16తో గుణిస్తే జి.ఎస్.ఎం. వచ్చేస్తుంది. ఒక షీటు వంటింటి కాటాకి అందదు కాబట్టి పది షీట్లు కలిపి తూచండి. 250 అయితే పది షీట్లు సుమారు 156 గ్రాములుండాలి. 300 అయితే 187 దాటాలి.

సిరి గారూ, కాటా ఉంటే మీ మెరూన్ తూచి చెప్పండి.

సిరి_కార్డ్స్

మాస్టారూ, కేకులు చేసే కాటా మీద పెట్టాను. పది షీట్లు 144 గ్రాములు.

లెక్కల_మాస్టారు

144 అంటే షీటు 14.4, పదహారుతో గుణిస్తే 230. మిల్లులో కాస్త అటూ ఇటూ రావడం సహజమే, రెండు మూడు శాతం తేడా అయితే నేనూ పట్టించుకోను. ఇరవై గ్రాములు తగ్గిందంటే అది వేరే పేపర్‌కి 250 లేబుల్ వేసినట్టే. పైగా మీది సముద్రపు ఊరు, పేపర్ గాలిలో తేమ పీల్చుకుని బరువెక్కుతుంది. పొడి ఊళ్ళో తూస్తే ఇంకా తగ్గుతుంది.

అయితే బరువు వేరు, మందం వేరు. ఒకే 250లో గట్టిగా అణిచిన నున్నటి పేపర్ పల్చగా ఉంటుంది, అణచని గరుకు పేపర్ లావుగా ఉంటుంది. చేత్తో పట్టుకుని "ఇది లావుగా ఉంది కాబట్టి ఎక్కువ జి.ఎస్.ఎం." అనుకుంటే తప్పుతుంది.

పద్మ_డాలస్

ఇక్కడ అమెరికాలో ఇంకో తలనొప్పి. పేపర్ బరువు పౌండ్లలో రాస్తారు, ఆ పౌండ్లు పేపర్ రకాన్ని బట్టి మారిపోతాయి. 110 పౌండ్ల కవర్ అంటే దాదాపు 298 జి.ఎస్.ఎం., 110 పౌండ్ల ఇండెక్స్ అంటే 199 మాత్రమే. అంకె ఒకటే కదా అని చవకది తెచ్చుకుంటే కార్డు నిలబడదు. బేస్‌కి నేను 80 పౌండ్ల కవర్ (216) కంటే తక్కువ వాడను, పైన లేయర్లు ఎక్కువైతే 100 కవర్ (270).

బాబాయ్ గారి గ్రెయిన్ లెక్క ఇక్కడి లెటర్ సైజుకీ సరిపోతోంది. 8.5 బై 11 అంగుళాల షీటుని అడ్డంగా కోసి 5.5 బై 8.5 చేసి మడిస్తే మడత గీత గీసినట్టు వస్తోంది. 4.25 పట్టీలుగా కోస్తే గరగరలాడుతోంది. ఇన్నాళ్ళూ పట్టీ కార్డులు మా వారి చేత మడిపించేదాన్ని, ఆయన మీద నెపం వేయడానికి.

అల_వైజాగ్ (విశాఖపట్నం)

వంగిపోవడం గురించి నేను చెప్తాను, మా ఊళ్ళో ఇది నిత్యం ఉండే బాధ.

పేపర్ తేమ పీల్చినప్పుడు ఉబ్బుతుంది, కానీ అన్ని వైపులా ఒకేలా ఉబ్బదు. నారలు పొడుగు పెద్దగా పెరగవు, లావెక్కుతాయి. అందుకని గ్రెయిన్‌కి అడ్డంగా సాగేది ఎక్కువ, వెంట సాగేది చాలా తక్కువ. ఇప్పుడు తెల్ల గమ్ము రాశామనుకోండి, అందులో ఉన్నది సగం నీళ్ళే. పైన అంటించే పల్చటి డిజైన్ పేపర్ ఆ నీళ్ళు తాగి సాగుతుంది, సాగిన స్థితిలోనే బేస్‌కి అతుక్కుంటుంది, రాత్రంతా ఆరుతూ మళ్ళీ కుంచించుకుంటుంది. బేస్‌ని తనతోపాటు లాగేస్తుంది. సిరి గారు పడుకునేటప్పుడు బాగుండి పొద్దున్నకి వంగడం అందుకే. రెండు పేపర్ల గ్రెయిన్లు ఒకదానికొకటి అడ్డంగా పడితే మెలి కూడా తిరుగుతుంది, అప్పుడు ఎంత బరువు పెట్టినా దారికి రాదు.

నేను చేసే పద్ధతి: పెద్ద ముక్కలకి నీళ్ళ గమ్ము అసలు వాడను. డబుల్ సైడ్ టేపు లేదా గమ్ స్టిక్, అదీ అంచులకి, మధ్యలో ఒకటి రెండు చోట్ల. గమ్మే వాడాల్సి వస్తే కార్డు లోపలి వైపు కూడా అదే మందం పేపర్ ఒకటి అంటిస్తాను, రెండు వైపులా లాగుడు సమానమవుతుంది. లోపల రాసుకోవడానికి తెల్ల పేపర్ ఎలాగూ కావాలి, అందం కూడా. తర్వాత తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన లావు పుస్తకాలు. న్యూస్‌పేపర్ మధ్య పెట్టకండి, తడికి దాని ఇంకు దిగుతుంది.

వర్షాకాలం పేపర్ ప్యాకెట్ విప్పి బల్ల మీద వదిలేస్తే అంచులు అలలు తిరుగుతాయి, ఎందుకంటే దొంతరలో అంచులే ముందు తేమ తాగుతాయి. వాడాల్సిన నాలుగు షీట్లు తీసి మిగతాది మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో మూసేయండి. నిలబెట్టి కాదు, పడుకోబెట్టి. షాపు ఏసీలోంచి తెచ్చిన పేపర్ తేగానే కొయ్యకండి, ఒక పూట మీ గదిలో అలవాటు పడనివ్వండి.

కోటి_ప్రెస్

మాకు ఉల్టా. మే నెలలో ఇక్కడ గాలి ఎండిపోతుంది, పేపర్ కరకరలాడి మడత దగ్గర ఊరికే పగులుతుంది. అప్పుడు గదిలో తడి గుడ్డలు ఆరేసి పని చేస్తాం. సముద్రం వాళ్ళకి వంకర, మాకు పగులు, ఎవరి ఖర్మ వాళ్ళది.

కోరుట్ల_పిల్లోడు (జగిత్యాల)

ఇంత తంటా ఎందుకు, హ్యాండ్‌మేడ్‌కి మారిపోండి. చేత్తో ఎత్తిన షీటులో గ్రెయిన్ అంటూ పెద్దగా ఉండదు, జల్లెడని అటూ ఇటూ ఊపుతారు కాబట్టి నారలు అన్ని వైపులా అల్లుకుంటాయి. ఎటు మడిచినా ఒకటే. పైగా అది చెట్టు గుజ్జు కాదు, బనియన్ల మిల్లుల్లో మిగిలే నూలు గుడ్డ కత్తిరింపులు. నూలు నార పొడుగు, అందుకే మడత నలిగినా తెగదు. మా కోరుట్లలో నిజాం కాలంలో చేతి కాగితం తీసేవాళ్ళు, పట్వారీల లెక్కల పుస్తకాలకి పోయేది. గాంధీ గారు 1934లో గ్రామోద్యోగ సంఘం పెట్టించినప్పుడు దాన్ని నడిపిన కుమారప్ప గారు మళ్ళీ పైకి తీసుకొచ్చిన చేతిపనుల్లో ఇదొకటి. జైపూర్ పక్కన సంగనేర్‌లో ఉన్న హ్యాండ్‌మేడ్ పేపర్ సంస్థకి ఆయన పేరే పెట్టారు. మిల్లు పేపర్‌ని పట్టుకుని గ్రాములు తూచుకునే ఖర్మ మనకేంటి?

ఉష_క్విల్లింగ్

చరిత్ర బాగుంది తమ్ముడూ, కానీ అదే పేపర్‌ని ఎప్పుడైనా డై కటింగ్ మిషన్‌లో (అచ్చుతో నొక్కి ఆకారాలు కోసేది) పెట్టావా? ఆ పొడుగు నూలు నారలే తెగకుండా అంచంతా నూగు లేస్తుంది. పూరేకులు కలిపిన షీట్లయితే రేకు ఉన్న చోట డై దిగదు. బంతి రేకులవి కొన్నాళ్ళకి చుట్టూ గోధుమరంగు మరక వదులుతాయి. ఒక షీటులోనే ఒక మూల లావు, ఇంకో మూల పల్చన. ఒక్క కార్డు చేసుకునేవాళ్ళకి అదే అందం. వంద కార్డులు ఒకేలా రావాలంటే మాత్రం టెన్షన్.

రంగు సంగతి కూడా చూసుకోవాలి. హ్యాండ్‌మేడ్‌లో ఒక బ్యాచ్ ఎరుపు ఇంకో బ్యాచ్ ఎరుపుతో కలవదు. ఆర్డరుకి కావలసిందంతా ఒకేసారి కొనాలి, పైన కొంచెం ఎక్కువే. తడి దూది రుద్ది చూడాలి, ఎరుపు, మెరూన్ రంగులు దూదికి అంటితే రేపు పక్కన ఉన్న తెల్ల పేపర్‌కీ అంటుతాయి.

కోరుట్ల_పిల్లోడు

డై కటింగ్‌కి పల్చటి షీటు తీసుకుని, పైన మైనం కాగితం వేసి నొక్కక్కా, నూగు చాలావరకు తగ్గుతుంది. అంచులకి అయితే కత్తెరే వద్దు. స్కేలు పెట్టి తడి బ్రష్‌తో గీత గీసి, ఒక నిమిషం ఆగి మెల్లగా లాగితే అసలు హ్యాండ్‌మేడ్ అంచులాగే వస్తుంది. నూగుని దాచాల్సిన పనే లేదు, దాన్నే డిజైన్ చేసుకోవచ్చు.

లెక్కల_మాస్టారు

సిరి గారి ఇంకు ప్రశ్న మధ్యలో పోయింది. అది సైజింగ్ లోపం. సైజింగ్ అంటే పేపర్ నీళ్ళని పీల్చకుండా పెట్టే పదార్థం, మిల్లులో గుజ్జులోనే కలుపుతారు, పైన పిండిపదార్థం పూత కూడా వేస్తారు. సైజింగ్ లేని పేపర్ అద్దుడు కాగితమే. షాపులో ఒక నీటిచుక్క వేస్తే చాలు. చుక్క గుండ్రంగా నిలబడితే రాయొచ్చు. వేయగానే ఇంకిపోతే దాని మీద పెన్ను పెట్టొద్దు.

సిరి_కార్డ్స్

వేశాను మాస్టారూ. క్షణం కూడా నిలవలేదు, అవతలి వైపుకి దిగిపోయింది. మరి సీమంతం ఆర్డరు? వాళ్ళకి ఆ పేపరే నచ్చింది.

బైండర్_బాబాయ్

పాతకాలంలో గంజి పూసి, ఆరాక నున్నటి రాయితో రుద్దేవాళ్ళు. పల్చటి గంజి ఇప్పటికీ పనిచేస్తుంది, కానీ పిండి వాసనకి పురుగు వస్తుంది. బైండింగ్ మైదాలో మేము మైలుతుత్తం కలుపుతాం, అది విషం. పిల్లలు నోట్లో పెట్టుకునే గ్రీటింగ్ కార్డుకి వద్దు. జెలటిన్ వేడినీళ్ళలో బాగా పల్చగా కలిపి బ్రష్‌తో ఒక పూత వేసి ఆరేస్తే ఇంకు ఆగుతుంది. కాకపోతే ప్రతి షీటూ వంకర తిరుగుతుంది, మళ్ళీ బరువు పెట్టి సాపు చేయాలి.

నన్నడిగితే హ్యాండ్‌మేడ్ మీద అసలు రాయకు. 120 జి.ఎస్.ఎం. నున్నటి తెల్ల పేపర్ మీద విషయమంతా ప్రింట్ తీసి, లోపల పెట్టి, మడత మీద రెండు చిల్లులు పొడిచి పట్టుదారం కట్టు. గమ్ము లేదు, వంకర లేదు, ఇంకు పాకడం లేదు. పైన హ్యాండ్‌మేడ్ అందం వాళ్ళకి ఎలాగూ ఉంటుంది.

కోటి_ప్రెస్

ఇదే బెస్ట్. హ్యాండ్‌మేడ్‌ని ఇంటి ఇంక్‌జెట్‌లో తోసి రోలర్లకి నార చుట్టుకుని ప్రింటర్ రిపేరుకి పంపినవాళ్ళు మా దగ్గరకి వస్తూనే ఉంటారు. లేజర్‌లో అయితే గరుకు గుంటల్లోకి టోనర్ దిగదు, గోటితో గీస్తే రాలిపోతుంది. బయట పేరు కావాలంటే స్క్రీన్ ప్రింటింగ్ చేయించండి, లేదా చిన్న తెల్ల ట్యాగు మీద ప్రింట్ తీసి అంటించండి.

పద్మ_డాలస్

పసుపుబారడం మాటేంటి? మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకి చేసిన కార్డు అంచులు అప్పుడే టీ రంగుకి వచ్చాయి, లోపల ఫోటో ఉంది. ఎక్కడో చదివాను, పేపర్‌లో యాసిడ్ ఉందో లేదో పసుపు నీళ్ళతో చూడొచ్చని. నిజమేనా?

లెక్కల_మాస్టారు

పసుపు ఎర్రబడేది సున్నంలాంటి క్షారం తగిలితేనే. యాసిడ్ తగిలినా, ఏమీ తగలకపోయినా పసుపు పసుపుగానే ఉంటుంది. కాబట్టి మీరడిగిన దానికి అది పనికిరాదు. మీ దగ్గర పీహెచ్ పెన్నులు దొరుకుతాయి, ఒక గీత గీస్తే ఊదారంగు వస్తే మంచిది, పసుపు వస్తే యాసిడ్. ముదురు రంగు పేపర్ మీద మాత్రం ఆ గీత కనబడదు.

పసుపుబారడానికి కారణాలు రెండు మూడు కలుస్తాయి. చెక్క గుజ్జులోని లిగ్నిన్ తీసేయకుండా వదిలితే ఎండకి రంగు మారుతుంది, న్యూస్‌పేపర్ అందుకే నాలుగు రోజుల్లో మాడిపోతుంది. పాత పద్ధతిలో పటిక, రోజిన్‌తో సైజింగ్ చేసిన పేపర్‌లో యాసిడ్ ఉంటుంది, అది పక్కనున్న ఫోటోకి కూడా పాకుతుంది. ఇంకొకటి ఎవరూ గమనించరు: నీలిగా మెరిసే అతి తెల్లటి పేపర్. దాంట్లో మెరుపు రసాయనం ఉంటుంది, దొంగనోట్లు చూసే నీలి దీపం కింద పెడితే వెలిగిపోతుంది. వెలుతురుకి ఆ రసాయనం చచ్చిపోయాక అసలు రంగు బయటపడుతుంది. దాచుకునే కార్డుకి మీగడ రంగు పేపరే నయం.

కోరుట్ల_పిల్లోడు

చూశారా, మళ్ళీ హ్యాండ్‌మేడే గెలిచింది, నూలులో లిగ్నిన్ ఉండదు.

లెక్కల_మాస్టారు

తెల్ల బనియన్ గుడ్డలో కూడా అదే మెరుపు రసాయనం వేస్తారు నాయనా. దీపం కింద నీ తెల్ల హ్యాండ్‌మేడ్ పెట్టి చూసి అప్పుడు చెప్పు.

అల_వైజాగ్

😂 సిరి గారూ, ఒక చిన్న విషయం. ఆహ్వానాలకి నాలుగు మూలలా పసుపు రాస్తారా? మీ హ్యాండ్‌మేడ్ చుక్క నీరు కూడా ఆపట్లేదన్నారు కాబట్టి పసుపు పల్చగా కలిపితే మూలనుంచి సగం కార్డు దాకా పాకుతుంది. గట్టి ముద్దగా కలిపి, వేలి చివర కొంచెమే తీసుకుని అద్దమనండి. ఆరకుండా కవర్లో పెడితే కవరుకి అంటుకుంటుంది.

సిరి_కార్డ్స్

అయ్యో, అది అసలు ఆలోచించనే లేదు, వాళ్ళ అత్తగారు తప్పకుండా రాస్తారు. శాంపిల్ మీద ముందే అద్ది చూపిస్తాను.

బాబాయ్ గారూ, మెరూన్‌లో మిగిలిన షీట్లు వంచి చూశాను, గ్రెయిన్ పొడుగు వైపే ఉంది. వాటితో పుస్తకం మోడల్ మాత్రమే చేస్తాను. నిలబెట్టే మోడల్‌కి ఏ3 కావాలి, గుజ్జులోనే రంగు కలిసినది. కాకినాడలో మెరూన్ ఏ3 దొరకలేదు. కోటి గారూ, మీ దగ్గర ఉంటుందా?

కోటి_ప్రెస్

ఉంటుంది మేడమ్, కానీ దస్తాకి తక్కువ ఇవ్వరు. 24 షీట్లు. ఏ3 కి నాలుగు కార్డుల చొప్పున 96 వస్తాయి. పంపించేటప్పుడు చుట్ట చుట్టొద్దని, అట్టల మధ్య ఫ్లాట్‌గా పెట్టమని చెప్పండి.

సిరి_కార్డ్స్

నాకు 80 కావాలి, మిగతావి వేస్టేజికి సరిపోతాయి. కొనేముందు ఒక షీటు మూల చించి ఫోటో పెట్టగలరా?

కోటి_ప్రెస్

షాపు తెరిచాక పెడతా. పది షీట్లు కాటా మీద పెట్టి ఆ ఫోటో కూడా పెడతా. ఏ3 కదా, ఎనిమిదితో గుణించుకోండి.